కుట్టు విప్పిన సాయంత్రం



మూడు నెలలుగా ఈ పుటలో నా వ్యాసం కనిపించకపోవడంతో కొందరు ఉత్తరాలు వ్రాశారు. మరికొందరు మదర్సాకు ఫోను చేసి నా ఆరోగ్యం గురించి విచారించారు. అల్లాహ్ దయవల్ల క్షేమంగానే ఉన్నాను. మా అమ్మాయి రెండవ కాన్పుకు తోడుగా అమెరికాలోని ఓహాయో రాష్ట్రంలో, కొలంబస్ నగరంలో ఉండి వచ్చాను. అక్కడి భవనాల గురించీ, మంచు గురించీ వ్రాయబోవడం లేదు. ఆ చిత్రాలు మీ పిల్లలు ఫోనులో చూపిస్తూనే ఉంటారు. అక్కడ ఒక బొంత ముక్క కుట్టడం నేర్చుకుంటూ నేను చేసిన పొరపాటును గురించి, దానిని విప్పబోతే బయటపడిన మరొక పెద్ద పొరపాటును గురించి వ్రాస్తాను. ఆ రెండవది 26 ఏళ్ళుగా నా పాఠాలలో ఉన్నది.

మాది దూదేకులవారి ఇల్లు. నూర్‌బాషాలమని కూడా అంటారు. మా నాన్న వింటితో దూది ఏకి పరుపులూ దిండ్లూ కుట్టేవారు. ఆ వింటి నారి మ్రోగే చప్పుడు వింటూనే పెరిగాను. పరుపుల పని పోగా మిగిలిన దూదితో, పాత చీరలతో, చిరిగిన లుంగీలతో అమ్మ చలికాలానికి బొంతలు కుట్టేది. మన భాషలో 'అతుకుల బొంత' అన్నది నింద. పొందిక లేని రచనకు ఆ పేరు పెడతారు. అమ్మ బొంత కప్పుకొని నిద్రించినవారు ఆ మాటను అంత తేలికగా వాడలేరు.

అందుకే, తమ పేటలోని గ్రంథాలయంలో ప్రతి శనివారం కొందరు స్త్రీలు కూడి బొంతలు కుడతారని, ఆ నెలలో కొత్తవారికి ఒక పాతకాలపు నమూనా నేర్పుతున్నారని అమ్మాయి చెప్పినప్పుడు నాకు ఆసక్తి కలిగింది. పసిబిడ్డకు నా చేతులతో ఒక చిన్న బొంత కుట్టి ఇవ్వాలనిపించింది. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రమే. పదేళ్ళ మనుమరాలు దుబాసీగా నా వెంట వచ్చింది.

పొడవైన బల్లలు, కుట్టుమిషన్లు, ఒక మూల ఇస్త్రీపెట్టె. పన్నెండు మంది స్త్రీలు. ఎక్కువమంది నాకంటె పెద్దవారే. నేర్పే ఆవిడకు డెబ్బై దాటి ఉంటాయి. నా వేషాన్ని ఎవరూ వింతగా చూడలేదు. అస్ర్ నమాజు వేళ అయినప్పుడు ఒకావిడ తన సంచిలోనుండి ఉతికిన గుడ్డ ఒకటి తీసి మూలగా పరచి ఇచ్చింది.

మేము నేర్చుకున్న నమూనా పేరు 'లాగ్ క్యాబిన్'. దుంగలతో కట్టిన గుడిసె అని అర్థం. అమెరికాలో ఇది 1860ల నుండి బాగా వ్యాపించింది. మధ్యలో ఒక చిన్న చదరం ఉంటుంది. దాని చుట్టూ సన్నని గుడ్డ పేలికలు, గుడిసె గోడకు దుంగలు పేర్చినట్లు, ఒకదాని తరువాత ఒకటి తిరుగుతూ వస్తాయి. ఒకదానినొకటి ఆనుకొని ఉన్న రెండు పక్కల లేత రంగులు, మిగిలిన రెండు పక్కల ముదురు రంగులు వేస్తారు. పూర్తయిన చదరాన్ని మూల నుండి మూలకు చూస్తే సగం వెలుగుగా, సగం నీడగా ఉంటుంది. అటువంటి చదరాలు అనేకం కుట్టి, వెలుగు భాగాన్ని ఒకచోట ఇటు, ఒకచోట అటు త్రిప్పి అమర్చుతారు. ఒక అమరికలో దున్నిన పొలంలోని నాగటి చాళ్ళవలె ఏటవాలు గీతలు వస్తాయి. మరొక అమరికలో నడుమనుండి చెరువు అలలవలె నలుమూలలా వ్యాపించే ఆకారం వస్తుంది. కుట్టినవి అవే చదరాలు. త్రిప్పిన తీరే వేరు.

మీలో కుట్టుపని తెలిసినవారు ప్రయత్నించవచ్చు గనుక కొలతలు వ్రాస్తున్నాను. మధ్య చదరానికి 2½ అంగుళాల ముక్క. పేలికల వెడల్పు 1½ అంగుళం. కుట్టుకు అంచున విడువవలసినది సరిగ్గా ¼ అంగుళం. మొదటి లేతరంగు పేలికను మధ్య చదరానికి ఒక పక్కన కుట్టి, పొడవుగా మిగిలిన కొసను కత్తిరించి, విప్పి ఇస్త్రీ చేయాలి. ఆ ముక్కను ఒక మలుపు త్రిప్పి రెండవ లేత పేలికను కుట్టాలి. మళ్ళీ త్రిప్పి ముదురు పేలిక, మరొక మలుపుకు మరొక ముదురు పేలిక. నాలుగు పేలికలతో ఒక చుట్టు పూర్తవుతుంది. ఇటువంటి చుట్లు మూడు, పేలికలు పన్నెండు. చివరకు చదరం 8½ అంగుళాలు రావాలి. పక్క చదరాలతో కలిపి కుట్టిన తరువాత 8 అంగుళాలు కనిపిస్తుంది.

మధ్య చదరానికి రంగు ఎంచుకునే సమయంలో ఆ పెద్దావిడ పని ఆపించి ఒక కథ చెప్పింది. సాధారణంగా మధ్య చదరం ఎర్రగుడ్డతో వేస్తారని, అది గుడిసెలోని పొయ్యి మంటకు గుర్తని మొదట చెప్పింది. తరువాత స్వరం తగ్గించి, కొన్ని బొంతలలో ఆ చదరం నల్లగా ఉండేదని చెప్పింది. బానిసత్వం ఉన్న రోజులలో దక్షిణ రాష్ట్రాల నుండి పారిపోయి వచ్చే నల్లజాతివారికి అది సంకేతమట. ఇంటి ముందు ఆరవేసిన లాగ్ క్యాబిన్ బొంత నడుమ నలుపు కనిపిస్తే, ఈ ఇంట తలదాచుకోవచ్చునని అర్థమట. మిగిలిన నమూనాలకు కూడా ఒక్కొక్క రహస్యార్థం ఉండేదట. ఒకటి ప్రయాణానికి సిద్ధం కమ్మని, ఒకటి దారి మార్చమని.

ఆ కథ ఓహాయోలో చెబితే ఎవరి మనస్సు కరగదు? ఓహాయో నది దక్షిణపు ఒడ్డున ఉన్న కెంటకీ బానిసత్వాన్ని పాటించిన రాష్ట్రం. ఉత్తరపు ఒడ్డు స్వేచ్ఛా భూమి. ఆ నది దాటి ఎందరో పారిపోయి వచ్చిన మాట చరిత్ర. వారికి ఆశ్రయమిచ్చి, ఒక ఇంటినుండి మరొక ఇంటికి దాటించిన రహస్య మార్గానికి 'అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్' అని పేరు. దానికి పట్టాలు లేవు, రైలు లేదు. ఉన్నది మనుష్యుల ధైర్యం మాత్రమే. 1850లో వచ్చిన చట్టం ప్రకారం, స్వేచ్ఛా రాష్ట్రంలో పట్టుబడినవారిని కూడా యజమానికి అప్పగించవలసి ఉండేది. అందుచేత చాలామంది కెనడా చేరేవరకు ఆగలేదు.

గది నిశ్శబ్దమైపోయింది. నాకు తర్జుమా చేస్తున్న మనుమరాలి గొంతు వణికింది. నేను నల్లగుడ్డ ఎంచుకున్నాను. ఒక్క మాట దాచకుండా చెబుతున్నాను: ఆ క్షణంలోనే ఈ నెల వ్యాసం నా మనస్సులో వ్రాసేసుకున్నాను. శీర్షిక కూడా పెట్టుకున్నాను.

సాయంత్రానికి నా చదరం పూర్తయింది. మూలలు తిన్నగా ఉన్నాయి. నాలుగు పక్కలూ సమానంగా ఉన్నాయి. దూదేకులవారి ఆడపడుచును, సూది పట్టడం నాకు ఒకరు నేర్పాలా అన్న గర్వం కూడా కాస్త కలిగింది. అప్పుడు పెద్దావిడ అందరి చదరాలనూ తెచ్చి, గోడకు తగిలించిన మెత్తని గుడ్డపై వరుసగా అంటించింది. పదకొండు చదరాలు ఒకదానితో ఒకటి సరిగ్గా కలిశాయి. నాది కలియలేదు. అది ముప్పావు అంగుళం చిన్నది.

ఆమె దానిని వెనుకకు త్రిప్పి కొలబద్ద పెట్టింది. పావు అంగుళం విడువవలసిన చోట నేను ప్రతి కుట్టులోనూ ఒక వీసం, అనగా అంగుళంలో పదహారవ వంతు, ఎక్కువ పట్టాను. కుట్టుకు ఇరువైపులా రెండు గుడ్డలు గనుక ఒక్కొక్క కుట్టుకు రెండు వీసాలు పోయాయి. చదరానికి ఈ చివర నుండి ఆ చివరకు ఆరు కుట్లు. మొత్తం పన్నెండు వీసాలు. అదే ముప్పావు అంగుళం.

ఎందుకు ఎక్కువ పట్టానో నాకు వెంటనే తెలిసింది. పరుపు సంచి కుట్టేటప్పుడు అంచు కాస్త ఎక్కువ పట్టాలి, లేకుంటే దూది ఒత్తిడికి పిగిలిపోతుంది. అది నాన్న నేర్పిన జాగ్రత్త. చేతికి అలవాటైపోయింది. ఉద్దేశం మంచిదే, గుడ్డ గట్టిగా ఉండాలన్నదే. మరి కుట్టుతున్నంతసేపూ ఆ తప్పు నాకెందుకు కనిపించలేదు? ప్రతి పేలికనూ అప్పటికే కుట్టిన దానికి సరిపోయేటట్లు కత్తిరించుకుంటూ వచ్చాను కదా! తప్పుకు తప్పు సరిపోయింది. తనలో తాను చూసుకుంటే ఆ చదరంలో ఏ లోపమూ లేదు. పక్కన మరొకటి పెట్టినప్పుడే లోటు తెలిసింది.

ఆవిడ కోపగించుకోలేదు. కుట్లు విప్పే చిన్న కొక్కెం ఒకటి నా చేతిలో పెట్టి ఏదో అన్నది. మనుమరాలు తర్జుమా చేసింది: "కుట్టడానికి కంటె విప్పడానికే ఎక్కువ ఓర్పు కావాలట, అమ్మమ్మా."

ఆ రాత్రి ఇషా తరువాత చదరాన్ని ఒడిలో పెట్టుకొని చివరి పేలిక నుండి లోపలికి విప్పుతూ కూర్చున్నాను. అమ్మాయి పసివాడికి పాలిస్తోంది. మనుమరాలు నల్లగుడ్డ కథను తన తరగతిలో చెబుతానని ఉత్సాహపడుతోంది. అంతలో ఏదో తోచినట్లు ఆగి నన్ను అడిగింది:

"అమ్మమ్మా, ప్రవక్తగారి సంగతి ఏది చెప్పినా నువ్వు ముందుగా ఎవరు చెప్పారో చెబుతావు కదా! ఆయిషాగారు చెప్పారనో, అనస్‌గారు చెప్పారనో. మరి ఈ బొంత కథ ఎవరు చెప్పారు?"

నేను జవాబు చెప్పలేకపోయాను. ఉల్లేఖకుల పరంపరను పరిశీలించే విద్యను సంవత్సరాల తరబడి చదివి, సంవత్సరాల తరబడి బోధిస్తున్నదానిని. ఆ కథ విన్నంతసేపూ నాకు రాని ప్రశ్న పదేళ్ళ పిల్లకు వచ్చింది. అమ్మాయి ఆ రాత్రీ, మరుసటి రెండు మూడు రాత్రులూ పసివాడు మేల్కొన్నప్పుడల్లా తానూ మేల్కొని దొరికినదంతా చదివి నాకు వినిపించింది.

ఈ బొంత సంకేతాల కథ లోకంలో విస్తరించినది 1999లో జాక్వెలిన్ టోబిన్, రేమండ్ డోబార్డ్ అనే ఇద్దరు వ్రాసిన 'హిడెన్ ఇన్ ప్లెయిన్ వ్యూ' అన్న పుస్తకంతో. ఆ పుస్తకానికి మూలం ఒక్కరి కథనం. దక్షిణ కరోలినాలోని చార్ల్‌స్టన్ పట్టణపు అంగడిలో బొంతలు అమ్మే ఒక వృద్ధ మహిళ, తన కుటుంబంలో తరతరాలుగా వస్తున్న మాటగా దానిని టోబిన్‌కు చెప్పింది. చెప్పినది ఒక్కరే అన్నంతమాత్రాన మన విద్యలో ఏ వార్తనూ త్రోసివేయము. కాని ఆ మాటను పక్కనున్న ఇతర సాక్ష్యాలతో కలిపి చూస్తాము. చరిత్రకారులు అదే చేశారు. బానిసత్వం అనుభవించి బ్రతికి ఉన్న 2,300 మందికి పైగా వృద్ధుల మాటలను అమెరికా ప్రభుత్వం 1936 - 1938 మధ్య వ్రాయించి భద్రపరచింది. వాటిలో బొంతల ప్రస్తావనలు ఉన్నాయి, ఇరుగుపొరుగు కూడి బొంతలు కుట్టుకున్న రాత్రుల ముచ్చట్లు ఉన్నాయి. బొంతలతో దారి చూపే సంకేతాల జాడ మాత్రం పరిశోధకులకు కనిపించలేదు. పైగా లాగ్ క్యాబిన్ నమూనా అమెరికాలో వ్యాపించినదే 1860లలో. 1865లో బానిసత్వమే రద్దయింది. పారిపోయి వచ్చినవారు దానిని తెలిసిన గుర్తుగా పోల్చుకోవడానికి తగినంత కాలమే లేదు.

ఆ వృద్ధురాలు అబద్ధమాడిందని ఎవరూ అనలేరు, నేనూ అనను. ఒక ఇంటి జ్ఞాపకంలో ఏముందో అల్లాహ్‌కే తెలుసు. కాని ఒక ఇంటి మాటను ఒక జాతి చరిత్రగా చెప్పడానికి ఆధారం చాలదు.

నాకు మొదట బాధ కలిగింది. ఆ కథ పోతే ఆ అభాగ్యుల ధైర్యానికి ఏదో తక్కువ అవుతుందేమో అనిపించింది. తక్కువ కాదు. ఫిలడెల్ఫియాలో విలియం స్టిల్ అనే నల్లజాతి ఉద్యమకారుడు తన వద్దకు పారిపోయి వచ్చిన వందలాది మందిని కూర్చోబెట్టి, ఎవరి బిడ్డ, ఎక్కడినుండి, ఎలా వచ్చారు అని అడిగి వ్రాసిపెట్టాడు. ఆ వ్రాతలను 1872లో పుస్తకంగా అచ్చు వేశాడు. అలా అడుగుతూ ఉండగా, ఒకనాడు తన ఎదుట కూర్చున్నది ఏనాడో విడిపోయిన తన సొంత అన్నగారేనని గ్రహించాడు. దీనికంటె హృదయాన్ని కదిలించే కల్పన ఎవరు చేయగలరు?

బొంతల విషయంలోనూ అంతే. జార్జియా రాష్ట్రంలో 1837లో బానిసగా పుట్టిన హారియెట్ పవర్స్ అనే స్త్రీ, బైబిలు గాథలను గుడ్డబొమ్మలుగా కత్తిరించి అతికి బొంతలు కుట్టింది. ఒకటి నేడు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో, మరొకటి బోస్టన్ లలితకళల మ్యూజియంలో ఉన్నాయి. మొదటి బొంతను 1886లో ఒక ప్రదర్శనలో చూసిన జెన్నీ స్మిత్ అనే చిత్రకళా ఉపాధ్యాయిని కొంటానంటే పవర్స్ ఇవ్వలేదు. కొన్నేళ్ళకు ఇల్లు గడవని స్థితి వచ్చి 5 డాలర్లకు అమ్ముకుంది. అమ్మిన రోజున ఒక్కొక్క బొమ్మకు అర్థమేమిటో తానే చెప్పింది. జెన్నీ స్మిత్ వ్రాసిపెట్టింది. కుట్టిన చేయి చెప్పిన మాట, విన్న చెవి వ్రాసిన వ్రాత. ఇది మన ఎదుట ఉన్న సాక్ష్యం.

మరుసటి శనివారం ఆ పెద్దావిడతో, మనుమరాలి సాయంతో, మెల్లగా ఈ సంగతి ప్రస్తావించాను. అతిథిని, భాష రానిదానిని. ఆమె నొచ్చుకుంటుందేమోనని భయపడ్డాను. ఆమె కొంతసేపు మౌనంగా ఉండి, ఆ కథకు ఆధారం లేదని చెప్పేవారున్నారని తాను ఇంతకుముందే విన్నానన్నది. మరి ఎందుకు చెబుతున్నట్లు? కొలతలు చెప్పినప్పుడు ఎవరూ తల ఎత్తరట. ఈ కథ చెప్పినప్పుడు గది అంతా నిశ్శబ్దమవుతుందట.

సోదరీమణులారా, ఆ జవాబు నన్ను నేరుగా తాకింది. ఎందుకంటే ఆ జవాబు నాదే.

దైవప్రవక్త (స) దారిన వెళ్ళేటప్పుడు ఒక వృద్ధురాలు ప్రతిదినమూ ఆయనపై చెత్త వేసేదని, ఒకనాడు వేయకపోతే ఆయన విచారించి, ఆమె జబ్బుపడిందని తెలిసి పరామర్శకు వెళ్ళారని, ఆమె మనస్సు మారిందని మనమందరం చిన్నతనం నుండి విన్నాము. 26 ఏళ్ళుగా నేను ప్రతి సంవత్సరం క్రొత్త తరగతికి ఆ కథ చెప్పాను. చెప్పినప్పుడల్లా తరగతి నిశ్శబ్దమయ్యేది. ఆ కథ ప్రామాణిక హదీసు గ్రంథాలలో ఎక్కడా లేదు. ఈ మాట నాకు చాలా ఏళ్ళ క్రితమే తెలుసు. అయినా చెబుతూ వచ్చాను. ఉద్దేశం మంచిదే కదా, పిల్లల మనస్సులు మెత్తబడతాయి కదా అనుకున్నాను. పరుపు సంచికి అంచు ఎక్కువ పట్టినట్లే. మంచి ఉద్దేశంతోనే హదీసులు కల్పించినవారు పూర్వం కూడా ఉన్నారని, పండితులు వారిని క్షమించలేదని అదే నోటితో పై తరగతి వారికి పాఠం చెప్పేదానిని.

అంతకంటె సిగ్గుపడవలసిన విషయం మరొకటి ఉంది. కొన్నేళ్ళ క్రితం ఒక విద్యార్థిని లేచి, "ఆపా, ఇది ఏ గ్రంథంలో ఉంది?" అని అడిగింది. "సీరత్ పుస్తకాలలో ఉందమ్మా, కూర్చో" అన్నాను. ఆ అమ్మాయి కూర్చుంది. నేడు మరొక ఊరిలో, మరొక మదర్సాలో బోధిస్తున్నది.

కొలంబస్ నుండే ఆమెకు ఫోను చేశాను. క్షేమ సమాచారాలు అయిన తరువాత అసలు సంగతి చెప్పాను. ఆనాడు నువ్వు అడిగిన ప్రశ్న సరియైనది, నేనిచ్చిన జవాబు తప్పు అన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "నేనూ అదే కథ చెబుతున్నాను, ఆపా. నన్ను ఎవరైనా అడిగితే మీ పేరు చెబుతున్నాను" అన్నది.

ఒక్క వీసం ఎన్ని కుట్లు దాటి ఎంత దూరం పోయిందో అప్పుడు తెలిసింది. నా దగ్గర చదివినవారిలో ఎవరెవరు బోధిస్తున్నారో జాబితా వ్రాసుకొని ఒక్కొక్కరికీ ఫోను చేస్తున్నాను. ఇంకా పూర్తి కాలేదు. ఈ పుట చదివే నా పాత విద్యార్థినులెవరైనా ఉంటే ఇదే నా కబురుగా స్వీకరించండి.

కథ తీసివేస్తే పిల్లలకు ఏమి చెప్పాలని మీరు అడగవచ్చు. ఆ చోట ఖాళీగా ఉండనక్కరలేదు. కాబా వద్ద సజ్దాలో ఉన్న ప్రవక్త (స) వీపుపై శత్రువులు ఒంటె పేగులను వేసి నవ్విన సంఘటన, చిన్నారి ఫాతిమా (రజి) పరుగున వచ్చి వాటిని తొలగించిన సంఘటన అబ్దుల్లా బిన్ మస్‌ఊద్ (రజి) ఉల్లేఖనంగా బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. తనకు సేవ చేసే ఒక యూద బాలుడు జబ్బుపడితే ప్రవక్త (స) స్వయంగా వెళ్ళి అతని తల వద్ద కూర్చున్న సంగతి అనస్ (రజి) ఉల్లేఖనంగా బుఖారీలో ఉంది. ఓర్పుకు అది, పరామర్శకు ఇది. తిరిగి వచ్చిన తరువాత తరగతిలో ముందుగా నా తప్పు ఒప్పుకొని, ఈ రెండూ చెప్పాను. తరగతి నిశ్శబ్దంగానే విన్నది.

ఇక బొంత సంగతి. విప్పిన పేలికలను ఇస్త్రీ చేసి, పావు అంగుళం దగ్గర మిషను పళ్ళెంపై ఒక కాగితపు పట్టీ అంటించుకొని, దాని వెంట మళ్ళీ కుట్టాను. అంచు ఎక్కువ పట్టే అలవాటున్నవారికి ఇది మంచి ఉపాయం. చదరం 8½ అంగుళాలు వచ్చింది. వెళ్ళేలోగా అటువంటివి పదహారు కుట్టి, నాలుగు వరుసలుగా కలిపి, పసివాడికి 32 అంగుళాల బొంత పూర్తి చేశాను. మధ్య చదరాలు నలుపే ఉంచాను. కథ లేకపోయినా లేత రంగుల నడుమ ఆ నలుపు చక్కగా ఉంది.

చివరి శనివారం పెద్దావిడ అందరికీ మరొక పని నేర్పింది. బొంత వెనుక మూలన ఒక తెల్లగుడ్డ ముక్క కుట్టి, చెరగని సిరాతో, ఎవరు కుట్టారు, ఎవరి కోసం, ఏ ఊరిలో, ఏ సంవత్సరంలో అన్నది వ్రాయాలి. అలా వ్రాయని బొంతలకే తరువాత ఎవరికి తోచిన కథ వారు అంటగడతారని ఆమె అన్నది. ఆ మాట అంటూ నావైపు చూసి నవ్వింది. నల్లగుడ్డ కథను ఆమె ఇక చెబుతుందో లేదో నేను అడగలేదు.

ఇంటికి రాగానే పెట్టెలోని అమ్మ బొంత తీసి పరచుకున్నాను. నీలపు గళ్ళ ముక్క నాన్న లుంగీ అని తెలుసు. ఎర్ర అంచు ముక్క అమ్మ పెళ్ళిచీర అని మా అక్క అంటుంది, మేనత్త చీర అని చిన్నన్న అంటాడు. అమ్మ ఉన్నప్పుడు మేమెవరమూ అడగలేదు. తెలిసిన ముక్కల పేర్లు మాత్రం ఒక తెల్లగుడ్డపై వ్రాసి, ఎవరు చెప్పారో కూడా వ్రాసి, బొంత వెనుక కుట్టాను. ఎర్ర అంచు ముక్క దగ్గర ఇద్దరి మాటలూ వ్రాశాను.

మీ ఇండ్లలో అమ్మ, నానీ, నాయనమ్మ కుట్టిన బొంత ఉంటే, కుట్టిన చేయి ఇంకా మీ మధ్య ఉంటే, ఈ వారమే దానిని పరచి పక్కన కూర్చోండి. ఏ ముక్క ఎవరిదో అడిగి వ్రాసుకోండి. తెలియదంటే తెలియదనే వ్రాయండి.